ముందొచ్చిన చెవులు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని సామెత. గమనించారో లేదో, ఈ సామెతను ఎప్పుడూ చెవులే చెబుతాయి, కొమ్ములు చెప్పవు. చిన్న కోడలికి అత్తగారు తాళాలగుత్తి ఇస్తే పెద్ద కోడలికి గుర్తొస్తుంది. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి ప్రమోషనొస్తే పాత గుమాస్తాకు గుర్తొస్తుంది. "మేం ముందొచ్చాం" అన్న మాటకు మనలో అంత విలువ ఉంది మరి. కుళాయి దగ్గర ముందు బిందె పెట్టినావిడకే ముందు నీళ్ళు. బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి రుమాలు విసిరామా, ఆ సీటు మనది. ఎవరైనా ఆ రుమాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నారంటే కండక్టరు వచ్చి తీర్చాల్సిన తగవే!

బిందెల దగ్గరా, బస్సుల దగ్గరా ఈ న్యాయం బాగానే ఉంది. కానీ దీన్ని ఎంతదూరం లాగవచ్చు? ఒక కొండలోయ మీద రుమాలు వేసి "ఇది నాది" అనవచ్చునా? ముందు వచ్చాను, కష్టపడ్డాను, ప్రాణంగా ప్రేమించాను అంటే ఒక చోటు మన సొంతమైపోతుందా? ఇదేం ప్రశ్న అనకండి. అమెరికాలో ఒక కుటుంబం కథ తెలిసినప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

కాలిఫోర్నియాలో యోసెమిటీ అని ఒక లోయ ఉంది. మన పిల్లలు ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేస్తున్నారు గనక, వాళ్ళ దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రుల్లో చాలామంది చూసే ఉంటారు. ఏడు మైళ్ళ పొడవు. రెండు పక్కలా నిలువుగా చెక్కినట్టున్న రాతికొండలు. ఒక జలపాతం 2,425 అడుగుల ఎత్తునుంచి మూడు అంచెలుగా పడుతుంది. మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసినా తనివి తీరదు.

ఈ లోయను లోకానికి చూపించినవాడు అని జేమ్స్ మేసన్ హచింగ్స్ అనే ఆయనకు పేరు. ఇంగ్లండులో పుట్టి, 1849 బంగారు వేటలో కాలిఫోర్నియా చేరాడు. 1855లో ఒక చిత్రకారుణ్ణీ మరో ఇద్దరు మిత్రుల్నీ వెంటబెట్టుకుని లోయలోకి వెళ్ళాడు. పని మీద కాకుండా, కేవలం చూడ్డానికి ఆ లోయకు వెళ్ళిన మొదటి యాత్రికుల బృందం అదేనంటారు. తిరిగొచ్చి 1856లో ఒక మాసపత్రిక పెట్టాడు. అందులో లోయ గురించి రాశాడు, బొమ్మలు వేయించాడు, "రండి, చూడండి" అని ఊరించాడు. 1862 జనవరిలో నిండు మంచులో ఒంటరిగా నడిచి వెళ్ళి, చలికాలంలో కూడా అక్కడ మనిషి బతకగలడో లేదో చూసి వచ్చాడు. ఆ పట్టుదలకు మాత్రం దణ్ణం పెట్టాలి.

ఈలోగా 1860లో పెళ్ళి చేసుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన భోజనం, బస ఒక ఇంట్లో. ఆ ఇల్లు నడిపే ఆవిడ పేరు ఫ్లోరాంతా స్ప్రోట్. ఆవిడ కూతురు ఎల్విరా. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ వయసులో చాలా అంతరం. 1864లో ఆయన లోయలో అదివరకే ఎవరో కట్టిన ఒక చెక్క హోటలు కొని, భార్యనీ అత్తగారినీ తీసుకుని అక్కడికి కాపురం మార్చేశాడు. అప్పటికి ఎల్విరా నిండు నెలలకు దగ్గరపడుతోంది. లోయలోకి బండిబాట లేదు. గుర్రాల మీదా కంచరగాడిదల మీదా కొండలు దిగాలి.

హోటలంటే మీరేమీ పెద్దగా ఊహించుకోకండి. మేడగది ఉంది గానీ గదికీ గదికీ మధ్య గోడలు లేవు, గుడ్డ తెరలు! లోపల దీపం పెడితే అవతలి వాళ్ళ నీడలు తెర మీద తోలుబొమ్మల్లా కనిపించేవి. ఆడవాళ్ళు ఎంత సిగ్గుపడి ఉంటారో మనకు వేరే చెప్పాలా? చివరికి హచింగ్స్ చెక్క గోడలు పెట్టించడానికి ఒక రంపపు మిల్లు కట్టించుకున్నాడు. 1869లో ఆ మిల్లులో పనికి కుదిరిన యువకుడే జాన్ మ్యూర్. తరవాత అడవుల రక్షణకు ప్రపంచమంతా చెప్పుకునే పేరైంది. గాలివానకు పడిపోయిన చెట్లనే అతను కోశాడు గానీ నిలబడి ఉన్న చెట్టు జోలికి పోలేదు. హోటలుకు వెనక కట్టిన ఒక గదిలో నిలువెత్తు దేవదారు చెట్టొకటి అడ్డొచ్చింది. దాన్ని కొట్టకుండా దాని చుట్టూ గది కట్టారు. ఇంటి మధ్యలో చెట్టు మాను, చుట్టూ కూర్చుని కబుర్లు. ఈ ముచ్చట వింటే హచింగ్స్ మీద ఎవరికైనా ఇష్టం కలుగుతుంది.

అయితే హోటలు నడిపిందెవరు? అప్పటి యాత్రికులు రాసుకున్న జ్ఞాపకాలు చదివితే నవ్వొస్తుంది. హచింగ్స్‌గారిని కాఫీలోకి ఏదో తెమ్మంటే, తేవడం మరిచి జలపాతాన్ని వర్ణిస్తూ నిలబడిపోయేవాడట. అతిథి ఆకలితో కూర్చుంటే ఆయన ఏ శిఖరం మీద ఏ వేళ ఎండ ఎలా పడుతుందో చెప్పేవాడు. అదృష్టం కొద్దీ వంట అత్తగారి చేతిలో ఉంది. రొట్టెలు కాల్చేదీ, పక్కలు వేసేదీ, చీకటిపడ్డాక ఒళ్ళు హూనమై దిగిన యాత్రికులకు వేణ్ణీళ్ళిచ్చేదీ ఇంటి ఆడవాళ్ళు, వాళ్ళకు తోడున్న పనివాళ్ళు.

ఇది చదివినప్పుడు నాకు మా అత్తవారింట్లో పటం జ్ఞాపకమొచ్చింది. మా మామగారి తండ్రిగారు ఆ ఊళ్ళో మొట్టమొదటి కాఫీహోటలు పెట్టారని చెబుతారు. హాల్లో ఆయన పటం, దానికి గంధపు దండ. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ పటం చూపించి కథ చెప్పాలి. మామ్మగారు తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బురోట్లో పప్పు రుబ్బేవారట. నలభై ఏళ్ళు రుబ్బారు. ఆవిడ ఫొటో ఇంట్లో ఎక్కడా లేదు. ఒకసారి మా ఆడపడుచును అడిగాను, "వదినా, మామ్మగారి ఫొటో ఏదీ?" అని. "ఫొటోలు తీసే వేళకి ఆవిడ ఎప్పుడూ వంటింట్లో ఉండేదిట" అంది. తాతగారు మొదటి హోటలు పెట్టారని అందరూ అంటారు గానీ, మామ్మగారు మొదటి ఇడ్లీ వేసిందని ఎవరూ అనరు. అన్నామంటే నవ్వుతారు కూడాను!

సరే, మళ్ళీ లోయలోకి వెళదాం. హచింగ్స్ కొన్నది హోటలు కట్టడం మాత్రమే. నేల ఇంకా సర్వే కాని ప్రభుత్వ భూమి. అప్పటి చట్టం ప్రకారం అలాంటి భూమిలో ముందుగా ఇల్లు కట్టుకుని కాపురమున్నవాళ్ళు, సర్వే అయ్యాక సొమ్ము కట్టి 160 ఎకరాలు సొంతం చేసుకోవచ్చు. మన రుమాలు న్యాయమే అనుకోండి. కానీ ఆయన కాపురం పెట్టిన ఏడాదే, 1864 జూన్ 30న, అధ్యక్షుడు లింకన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఆ లోయనీ, దూరాన ఉన్న మహావృక్షాల తోపునీ కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగిస్తూ, ఇవి ప్రజలందరి విహారానికీ ఉండాలి, ఎన్నటికీ అన్యాక్రాంతం కాకూడదు అన్నారు. నలుగురూ చూడ్డానికని ఒక అడవిని ప్రభుత్వం ఇలా కాపాడటం ఆ దేశంలో అదే మొదలు.

హచింగ్స్ ఒప్పుకోలేదు. కౌలుకు తీసుకోమంటే తీసుకోనన్నాడు. అక్కడే పళ్ళతోటలు వేసుకున్న జేమ్స్ లేమన్ అనే ఆయనా ఇలాగే నిలబడ్డాడు. 1868లో రాష్ట్ర శాసనసభ వాళ్ళిద్దరికీ చెరి 160 ఎకరాలు ఇద్దామంది గానీ, దానికి కేంద్రంలో ఆమోదం దొరకలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1872లో తీర్పు వచ్చింది. సర్వే కాకుండా, సొమ్ము కట్టకుండా, ఊరికే కాపురమున్నంత మాత్రాన హక్కు రాదు పొమ్మన్నారు. 1874లో రాష్ట్రం జాలిపడి నలుగురు హక్కుదార్లకు కలిపి 60,000 డాలర్లు పరిహారంగా కేటాయించింది. అందులో హచింగ్స్ వాటా 24,000. మరుసటేడు ఆయన లోయ వదలాల్సి వచ్చింది.

రెండేళ్ళ క్రితం మా మేనల్లుడు నన్ను ఆ లోయకు తీసుకువెళ్ళినప్పుడు, గడ్డిలో దుప్పటి పరుచుకుని పులిహోర తింటూ ఈ కథే చెప్పుకున్నాం. వాడికి కోపమొచ్చింది.

"అదేం న్యాయం అత్తయ్యా? పేరు తెచ్చిందీ ఆయనే, కష్టపడిందీ ఆయనే. అన్నీ అయ్యాక లేచిపొమ్మంటారా?"

"పొమ్మనకపోతే నువ్వూ నేనూ ఇవాళ ఇక్కడ కూర్చునేవాళ్ళమట్రా? ఏ హోటలువాడి పెరట్లోనో టిక్కెట్టు కొని నిలబడేవాళ్ళం."

"ఇప్పుడు మాత్రం గేటు దగ్గర టిక్కెట్టు కొనలేదూ?"

నాకు నవ్వొచ్చింది. కొన్నమాట నిజమే. కానీ ఆ టిక్కెట్టు కొన్న నాకు ఎంత హక్కో, నా వెనక కారులో వచ్చినవాళ్ళకీ అంతే. నా మనవరాలికీ, దాని మనవరాలికీ అంతే. ఒక కుటుంబం గుండె కష్టపెట్టి సాధించిన సంగతి అది. అలా అని ఆ కుటుంబం బాధ అబద్ధమని నేననను. పదకొండేళ్ళు ఊడ్చిన వాకిలి ఒక్క కాగితంతో పరాయిదైపోతే ఎలా ఉంటుందో అద్దె ఇళ్ళు మారిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. తీర్పు న్యాయమైనదే కావచ్చు, కడుపులో మంటా న్యాయమైనదే కావచ్చు.

కానీ మా వాడు ఒక మాట అడగలేదు. ఇంటికొచ్చాక నేనే అడుక్కున్నాను. హచింగ్స్ ముందొచ్చాడు అంటున్నాం కదా, ఎవరికన్నా ముందు?

1855లో ఆయన లోయకు దారి తెలియక ఇబ్బంది పడ్డాడు. చివరికి దారి చూపించింది ఇద్దరు ఆదివాసులు. దారి చూపినవాళ్ళను 'వెంట వచ్చినవాళ్ళు' అనీ, వెనక నడిచినవాణ్ణి 'ముందు వచ్చినవాడు' అనీ రాయడం చరిత్రకే చెల్లింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1851లో, బంగారం వేటగాళ్ళకీ అక్కడి జనానికీ తగవులు ముదిరి, మారిపోసా పటాలం అనే సాయుధ దళం ఆ లోయలోకి దిగింది. అక్కడి అహ్వానీచీ ప్రజల నాయకుడు టెనాయా. ఆయన చిన్న కొడుకును పటాలంవాళ్ళు కాల్చి చంపారు. ఊళ్ళు తగలబెట్టారు, దాచుకున్న తిండి తగలబెట్టారు, మనుషుల్ని తరిమారు. పైగా ఆ పటాలంలో ఉన్న బనెల్ అనే ఆయన అక్కడి సరస్సుకు టెనాయా పేరు పెట్టి, ఆ సంగతి గౌరవంగా ఆయనకే చెప్పాడు. దానికి పేరు ముందే ఉంది కదా అన్నాడట ముసలాయన. మెరిసే రాళ్ళ సరస్సు అని అర్థం వచ్చే పేరు. అయినా ఇవాళ పటాల్లో టెనాయా సరస్సు అనే ఉంటుంది. ఇల్లు లాక్కుని వీధికి మన పేరు పెట్టినట్టుంది, ఏమంటారు?

వాళ్ళ తిండి సంగతి చదివితే మన ఆడవాళ్ళకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ లోయలో ఓక్ చెట్లున్నాయి. వాటి కాయలే వాళ్ళకు బియ్యం. కానీ అవి వగరు, చేదు. ఆడవాళ్ళు వాటిని ఎండబెట్టి, ఒలిచి, బండల మీద దంచి, ఆ పిండిని నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి చేదు పోగొట్టేవాళ్ళు. నీళ్ళు కారకుండా అల్లిన బుట్టల్లో పోసి, కాల్చిన రాళ్ళు అందులో వేసి జావ కాచేవాళ్ళు. దంచి దంచి బండల్లో పడిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. అచ్చం మన రోళ్ళే. ఒక బండలో అంత గుంట పడాలంటే ఎన్ని తరాల తల్లులు దంచి ఉండాలి?

ఇంకో సంగతి. యాత్రికులు వచ్చి, ఎక్కడ నిలబడి చూసినా కొండ కనిపించే ఆ విశాలమైన పచ్చికబయళ్ళు చూసి, దేవుడు వేసిన తోట అని మురిసిపోయారు. దేవుడు సగమే వేశాడు. అహ్వానీచీ జనం ఏటేటా అక్కడక్కడ చిన్న మంటలు పెట్టి, తుప్పలు పెరగకుండా, ఓక్ చెట్లకు ఎండ తగిలేలా చూసుకునేవాళ్ళు. అంటే హచింగ్స్ 'అడవి' అనుకుని మురిసింది ఎవరో ఊడ్చి ఉంచిన వాకిలి! నాలుగేళ్ళ క్రితందాకా ఊడ్చినవాళ్ళు ఉన్నారు. ఊడ్చినవాళ్ళను తరిమేశాక వచ్చి, "ఆహా, ఎవరూ లేని చోటు ఎంత శుభ్రంగా ఉంది" అనుకున్నాడన్నమాట. మనిళ్ళలో కూడా అంతే కదండీ. పొద్దున్నే అందరూ లేచేసరికి వాకిలి దానంతటదే శుభ్రమైపోయి ఉంటుంది, ముగ్గు దానంతటదే పడి ఉంటుంది!

ఇక హచింగ్స్ ఇంటి సంగతి. లోయలో కాపురం పెట్టిన ఏడాదే, ఆగస్టు 23న, ఎల్విరాకు ఆడపిల్ల పుట్టింది. ఫ్లోరెన్స్ అని పేరు, ముద్దుగా ఫ్లోయ్. ఆ లోయలో పుట్టిన మొదటి తెల్లపిల్ల అని పుస్తకాలు రాస్తాయి. అవును, అప్పుడే కొలత మొదలు పెడితే ఆమే మొదటిది. ఆ తరవాత గెర్ట్రూడ్, ఆ తరవాత ఒక మగపిల్లవాడు. ఫ్లోయ్ జీను లేకుండా గుర్రమెక్కేది, కొండలన్నీ తిరిగేది. ఆ పిల్లను చూసి ఒక రచయిత్రి 1872లో 'జానిటా' అనే నవలే రాసింది.

లోయ విడిచిన ఆ రోజుల్లోనే హచింగ్స్, ఎల్విరాల కాపురం విడిపోయింది. లోయను అంత తీరిగ్గా వర్ణించగలిగినాయన, ఆ లోయలో తన భార్యకు గడిచిన చలికాలాలను ఎప్పుడైనా వర్ణించాడా అనిపిస్తుంది నాకు. 1880లో ప్రభుత్వం హచింగ్స్‌ను ఆ లోయకే సంరక్షకుడిగా వేసింది. యజమానిగా పోయినవాడు కాపలాదారుగా తిరిగొచ్చాడు. వెంట పిల్లలు, రెండో భార్య ఆగస్టా. మరుసటేడే, 1881లో, కొండదారిలో రాయి దొర్లి పడి ఫ్లోయ్ చనిపోయింది. పదిహేడేళ్ళు. కొద్దివారాలు తిరక్కుండా ఆగస్టా కూడా పోయింది. ఫ్లోయ్ పేరున అక్కడొక శిఖరం ఉంది, మౌంట్ ఫ్లోరెన్స్. 1902 అక్టోబరు 31న ముసలి హచింగ్స్ భార్యతో లోయలోకి దిగుతుంటే గుర్రాలు బెదిరి, బండిలోంచి పడి ప్రాణం విడిచాడు. తాను కట్టించిన ఆ దేవదారు చెట్టు గదిలోనే అంత్యక్రియల ప్రార్థన జరిపి, ఫ్లోయ్ ఉన్న శ్మశానంలోనే ఆయన్నీ ఉంచారు. కోర్టు ఇవ్వనన్న నేల చివరికి ఆరడుగులు దక్కింది.

కథ ఇక్కడ ఆపితే కళ్ళు తుడుచుకుని పుస్తకం మూసేవాళ్ళం. కానీ 1929లో ఇంకొకావిడ ఆ లోయకు వచ్చింది. పేరు తోతూయా. టెనాయా మనవరాలు. 1851లో తరిమినప్పుడు చిన్నపిల్ల. 78 ఏళ్ళ తరవాత ముసలమ్మగా మళ్ళీ ఆ నేల మీద అడుగు పెట్టింది. అందరూ ఆవిడ జలపాతాలు చూసి మురుస్తుందనుకున్నారు. ఆవిడ పచ్చికబయలు చూసి, తుప్పలు పెరిగిపోయాయి, చెత్తగా ఉంది అందిట! పుట్టింటికొచ్చిన ఆడపిల్ల దొడ్డంతా కలుపు పట్టి ఉంటే ఎలా నొచ్చుకుంటుందో అలాగ. 1931లో ఆవిడ పోయింది. 24,000 డాలర్లలో ఆవిడకు గానీ ఆవిడ వాళ్ళకు గానీ ఒక్క డాలరూ రాలేదు. తరమగా మిగిలి, తిరిగొచ్చి హోటళ్ళలో బట్టలుతికి, చేపలు పట్టి అమ్మి బతికిన వాళ్ళ చివరి ఊరిని కూడా 1969లో పడగొట్టేశారు.

అయితే హచింగ్స్‌ను దొంగ అందామా? నాకు మనసొప్పదు. ఆయన ఎవరినీ స్వయంగా తరమలేదు. చెట్టు కొట్టకుండా గది కట్టుకున్న మనిషి. లోయను ప్రేమించాడనడంలో సందేహమే లేదు. ఆయన తప్పల్లా, ప్రేమే దస్తావేజు అనుకోవడం. తన ముందున్నవాళ్ళకూ అదే ప్రేమ ఉండి ఉంటుందని అనుకోకపోవడం. "నన్ను వెళ్ళగొట్టారు" అని ఏళ్ళ తరబడి వ్యాజ్యమాడిన మనిషికి, తన హోటలులో బట్టలుతికే ఆడవాళ్ళను చూసినప్పుడు ఒక్కసారైనా గుండె కలుక్కుమందో లేదో!

అందరం మన ఇళ్ళు ఖాళీ చేసి ముందున్నవాళ్ళకు అప్పగించాలా అని మా మేనల్లుడు ఫోనులో ఎత్తిపొడిచాడు. అలా తవ్వుకుంటూపోతే ఎవరిల్లూ ఎవరికీ మిగలదు, నాకు తెలుసు. కానీ ఇవ్వలేనిదాన్ని ఇవ్వలేకపోయినా చెప్పగలిగింది చెప్పవచ్చు కదా. ముందు వచ్చానన్నవాడు తన వెనకవాళ్ళ మీద అధికారం తెచ్చుకున్నాననుకుంటాడు. నిజానికి తనకన్నా ముందువాళ్ళ బాకీ తెచ్చుకున్నాడు. ఆ బాకీలో తీర్చగలిగిన భాగం కనీసం నోటితో చెప్పడం.

ఇటీవల మా ఇంట్లో మనవడు స్కూలుకోసం 'మా కుటుంబ చరిత్ర' అని వ్యాసం రాస్తూ, "మా ముత్తాతగారు మా ఊళ్ళో మొదటి హోటలు పెట్టారు" అని మొదలుపెట్టాడు. బాగానే ఉంది, కింద ఇంకో రెండు వాక్యాలు రాయరా అన్నాను. ఆ హోటలులో పప్పు రుబ్బిందెవరో ఒకటి. ఆ హోటలు కట్టక ముందు ఆ స్థలంలో ఎవరుండేవారో ఇంకొకటి.

మొదటిది వెంటనే రాసేశాడు. రెండోదానికి పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నేను వాళ్ళ తాతగారి మొహంలోకి చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.